ఆటోవాడితో పడిన గొడవే అసలు కథ

కథారచనపై పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో చాలావరకు ఒకే సందేహం చుట్టూ తిరుగుతున్నాయి. కథలో మనసులోని మాటను సూటిగా చెప్పేయవచ్చా, లేక చెప్పకుండా చదువరికి తోచేటట్లు చేయాలా అన్నది ఆ సందేహం. అందుచేత మిగిలిన ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి, ఈసారికి ఈ ఒక్క విషయానికే పరిమితమవుతున్నాను.

ప్రశ్న: మా తమ్ముడు పంతొమ్మిదో ఏట సూరత్ మరమగ్గాల పనికి వెళ్ళిన రోజు గురించి ఒక కథ రాశాను. ఒక పత్రికకు పంపితే, “మరీ సూటిగా ఉంది, ఉద్వేగం పొంగి పొర్లింది” అని తిప్పి పంపారు. అదే కథను మా పక్కింటి పిన్నిగారికి చదివి వినిపిస్తే ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఎవరి మాట నమ్మాలి? కథ ప్రతిని కూడా జతచేస్తున్నాను.
— ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: ఇద్దరి మాటా నమ్మండి. పిన్నిగారు నిజంగానే ఏడ్చారు, అందులో అనుమానం లేదు. అయితే ఆవిడకు మీ తమ్ముడు తెలుసు, మీ అమ్మగారు తెలుసు, బహుశా ఆవిడ ఇంటి నుంచి కూడా ఎవరో ఒకరు ఆ బండే ఎక్కి ఉంటారు. గంజాం జిల్లాలో సూరత్ అన్న మాట ఒక్కటి చెవిని పడితే చాలు, ఏదో ఒక ఇంట్లో ఎవరికో ఒకరికి గొంతు పట్టేస్తుంది. ఆ మాట తనంతట తాను చేసే పని మీద మీ కథ అదనంగా ఏమి చేసిందన్నదే సంపాదకుల ప్రశ్న. నెల్లూరులోనో నిజామాబాదులోనో కూర్చుని చదివే మనిషికి మీ తమ్ముడు ఎవరో తెలియదు. ఆ మనిషికి మీరు రాసిన అక్షరాలు తప్ప వేరే ఆధారం లేదు.

మీ కథలో బండి కదిలే ఘట్టం ఇలా ఉంది: “బండి కదిలింది. అమ్మ గుండె బద్దలైంది. ఆమె దుఃఖానికి అంతు లేకుండా పోయింది. కన్నీళ్ళు ధారలు కట్టాయి.” ఈ నాలుగు వాక్యాలలో జరిగిన సంగతి చెబుతున్నది మొదటిది మాత్రమే. మిగిలిన మూడూ అమ్మగారి తరఫున మీరు ఇచ్చిన వాంగ్మూలాలు. చదువరికి వాంగ్మూలంతో పని లేదు, తానే సాక్షి కావాలని అతని కోరిక.

ఇక్కడ సంపాదకులతో నాకు ఒక చిన్న పేచీ ఉంది. మీ కథ మరీ సూటిగా ఉందని వారు అన్నారు గాని, నన్నడిగితే అది చాలినంత సూటిగా లేదు. గుండె బద్దలు కావడం, కన్నీళ్ళు ధారలు కట్టడం సూటి మాటలు కావు, అవి అలంకారాలు. పైగా ఎన్నో చేతులు మారి అరిగిపోయిన అలంకారాలు కాబట్టి అవి అలంకారాలన్న సంగతి కూడా మనం మరచిపోయాము. మీ అమ్మగారికీ వాటికీ మధ్య ఎంత దూరమున్నదో తెలుసుకోవాలంటే, మీరు కథతో పాటు పంపిన ఉత్తరం చివరి పేరా ఒకసారి చదువుకోండి. “ఆ రోజు స్టేషన్ నుంచి ఇంటికి వస్తూ అమ్మ ఇరవై రూపాయల దగ్గర ఆటోవాడితో వీధంతా వినేటట్లు గొడవ పెట్టుకుంది. నాకు తల కొట్టేసినట్లయింది. అదంతా కథలో ఎందుకని వదిలేశాను” అని రాశారు. అమ్మా, మీరు వదిలేసినది కథనే. రోజూ ఎవరితోనూ పల్లెత్తు మాట అనని మనిషి (మీ కథ మొదటి పేజీలోనే ఆ మాట ఉంది) ఆ సాయంత్రం ఇరవై రూపాయల కోసం నడివీధిలో గొంతు చించుకున్నదంటే, ఆవిడ లోపల ఏమి జరుగుతున్నదో మీరు చెప్పనక్కరలేదు. “అరవై కాదు, నలభైయే ఇస్తాను, ఏం చేసుకుంటావో చేసుకో” అన్నది సూటి మాట. దానికంటే సూటి అయిన మాట ఆ కథలో దొరకదు.

మన ఆలంకారికులు, అంటే కావ్యశాస్త్రం రాసిన పాతకాలపు పండితులు, ఈ విషయాన్ని ఎప్పుడో తేల్చారు. విభావానుభావ వ్యభిచారి సంయోగం వలన రసం నిష్పన్నమవుతుందని నాట్యశాస్త్రంలో భరతుడు అన్నాడు. అంటే, ఒక సందర్భం ఉండాలి, ఆ సందర్భంలో మనిషి చేసే పనులూ పడే పాట్లూ ఉండాలి, నడుమ వచ్చి పోయే చిన్న చిన్న మనోవికారాలు ఉండాలి, ఇవన్నీ కలిసిన చోట రసం దానంతట అది పుడుతుంది. ఈ జాబితాలో “దుఃఖం” అన్న మాటకు చోటు లేదు. పదకొండవ శతాబ్దపు కాశ్మీర పండితుడు మమ్మటుడు ఇంకొక అడుగు ముందుకు వేసి, రసాన్ని గాని స్థాయిభావాన్ని (శోకం, కోపం వంటి నిలకడైన మూలభావాన్ని) గాని దాని పేరుతోనే చెప్పేయడాన్ని రసదోషాలలో మొట్టమొదట లెక్కించాడు. దానికి స్వశబ్దవాచ్యత అని పేరు. శోకం అని రాసినంత మాత్రాన శోకం కలగదు. పాయసం అని కాగితం మీద రాసి ఇస్తే నోరు తీపెక్కుతుందా?

మీరు ఒడియా చదవగలరని రాశారు కాబట్టి, దూరం పోకుండా ఇక్కడి ఉదాహరణే చెబుతాను. ఫకీర్ మోహన్ సేనాపతి 1898లో రాసిన ‘రేవతి’ని ఆధునిక ఒడియా కథకు మొదటి మెట్టుగా చెప్పుకుంటారు. చదువుకోవాలని ఆశపడిన ఆడపిల్ల ఇంట్లో కలరా వచ్చి ఒక్కొక్కరినే తీసుకుపోతుంటే, ఈ అనర్థమంతా మనవరాలి చదువు వల్లనే వచ్చిందని ముసలమ్మ నమ్ముతుంది. ఆవిడ నోట పదే పదే వచ్చేది ఒక్కటే మాట, “ఓసి రేవతీ, ఓసి నిప్పా, ఓసి పొయ్యీ” అని అర్థం వచ్చే ఒడియా తిట్టు. కొడుకునూ కోడలినీ పోగొట్టుకున్న ఆ ముసలమ్మ శోకం ఎంతటిదో వర్ణించవలసి వస్తే ఎన్ని పేజీలైనా చాలవు. తిట్టు మాత్రం చాలింది. మొదట కోపంగా వినిపించిన ఆ మాటే, ఇల్లు ఖాళీ అవుతున్న కొద్దీ, తిట్టడానికైనా ఒక మనిషి మిగిలి ఉన్నదా లేదా అని చీకట్లో తడుముకుంటున్నట్లు వినిపిస్తుంది. మాటలో ఒక్క అక్షరం మారలేదు, చుట్టూ ఉన్న ఇల్లు మారింది. మీ అమ్మగారు ఆటోవాడి మీద పడటమూ ఈ జాతికి చెందినదే. మన ప్రాంతపు ఆడవాళ్ళకు దుఃఖం చాలాసార్లు కోపం చీర కట్టుకుని వస్తుంది.

కాబట్టి కథను తిరగరాయండి. స్టేషన్ దృశ్యాన్ని సగానికి తగ్గించి, ఆటో ప్రయాణానికి ఆ చోటు ఇవ్వండి. ఎంతకు బేరం కుదిరింది, దిగాక అతను ఎంత అడిగాడు, చిల్లర ఎవరి దగ్గర ఉంది, మీరు ఏ వైపు చూస్తూ నిలబడ్డారు అన్నవి ఉన్నవి ఉన్నట్లు రాయండి. ఒక్క హెచ్చరిక. అంతా అయ్యాక “అది నిజానికి ఆటోవాడి మీద కోపం కాదు” అన్న వాక్యం రాయాలని చేతికి దురద పుడుతుంది. రాయకండి. ఆ వాక్యం చదువరి తన మనసులో అనుకోవలసినది, అతని చేతి ముద్దను మీరు లాక్కుని తినకూడదు.

ప్రశ్న: భావాన్ని పేరు పెట్టి చెప్పకూడదని మీరు తరచు రాస్తుంటారు. మరి పోతన గజేంద్రుడు “లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె” అని ఉన్నదున్నట్లు చెప్పేశాడు కదా. దాన్ని మించిన ఆర్తి తెలుగులో ఎక్కడుంది? మా కళాశాలలో దీని మీద పెద్ద చర్చ జరిగింది.
— ఒక విద్యార్థి, రాయగడ

జవాబు: మంచి దెబ్బే కొట్టారు. అయితే ఆ పద్యాన్ని మరొకసారి మెల్లగా చదవండి. బలం కొంచెం కూడా లేదు, ధైర్యం చలించిపోయింది, ప్రాణాలు తావులు తప్పాయి, మూర్ఛ వచ్చింది, ఒళ్ళు డస్సింది, అలసట కలుగుతున్నది. వీటిలో ధైర్యం ఒక్కటి పక్కన పెడితే మిగిలినవన్నీ ఒంటికి సంబంధించిన కబుర్లే. వైద్యుడి ఎదుట కూర్చున్న రోగి చెప్పుకునే పద్ధతిలో గజేంద్రుడు తన స్థితిని ఒక్కొక్కటిగా లెక్క చెబుతున్నాడు. “నేను ఎంతో ఆర్తితో ఉన్నాను” అని మాత్రం ఎక్కడా అనలేదు.

రెండవది ఇంకా ముఖ్యమైనది. ఈ మాటలు అంటున్నది ఎవరు? కవి కాదు, మడుగులో మొసలి నోట కాలు చిక్కిన ఏనుగు. ఎప్పుడు అంటున్నది? పట్టు పడిన మొదటి రోజున కాదు, ఏళ్ళ తరబడి పెనుగులాడి, తన బలం మీద నమ్మకం పూర్తిగా అడుగంటిన తరువాత. ఆ పోరాటమంతా మనం పద్యం తరువాత పద్యంగా చూసి ఉన్నాము. మందలో తిరిగిన గర్వం చూశాము, నీళ్ళలో దిగిన ఉల్లాసం చూశాము. అందుకే ఆ బలవంతుడు “లావొక్కింతయు లేదు” అన్నప్పుడు ఆ నాలుగు మాటల వెనుక అంత బరువు వచ్చి నిలుస్తుంది. ఇదే పద్యాన్ని ఘట్టం మొదట్లో పెట్టి చూడండి, ఫిర్యాదులా ఉంటుంది.

అంచేత నిషేధం మాట మీద కాదు. పాత్ర తన నోటితో, తన అవసరం కొద్దీ, ఎదుటి వాడిని ఒక పని చేయమని అడుగుతూ సూటిగా చెప్పుకున్నది నిలుస్తుంది. గజేంద్రుడు అడిగాడు, “రావే” అన్నాడు. రచయిత పాత్ర వెనుక నిలబడి, ఎవరూ అడగకుండానే, చదువరి చెవిలో చెప్పేది నిలవదు. మమ్మటుడు కూడా మీరనుకున్నంత చండశాసనుడు కాడు. సంచారిభావాలను, అంటే నడుమ వచ్చి పోయే ఆ చిన్న మనోవికారాలను, కొన్ని చోట్ల పేరు పెట్టి చెప్పినా దోషం లేదని ఆయనే సడలించాడు. సిగ్గుపడింది, తొందరపడ్డాడు, విసుగు పుట్టింది వంటి చిన్న మాటలను నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. ప్రతి సిగ్గునూ బొటనవేలితో నేల రాయించి చూపాలంటే కథ ఎప్పటికి తెమిలేను?

ప్రశ్న: మీలాంటి వారి సలహాలు చదివి, ఏదీ చెప్పకుండా ఒక కథ రాశాను. ఎవరు చనిపోయారో, ఎందుకు చనిపోయారో, చెబుతున్నది ఎవరో కూడా చెప్పలేదు. చదివిన నలుగురూ అర్థం కాలేదన్నారు. ఇది పాఠకుల లోపమా, నా లోపమా?
— ఒక పాఠకుడు, జయపురం

జవాబు: మీ లోపమే, అందులో కొంత నా లోపం కూడా ఉన్నట్లుంది. చెప్పకుండా చెప్పడం వేరు, దాచిపెట్టడం వేరు అన్న సంగతిని నేను ఇదివరకు గట్టిగా రాయవలసింది.

వెలుతురు కావలసినవాడు దీపశిఖ విషయంలో జాగ్రత్త పడినట్లే, వ్యంగ్యార్థం (చెప్పకుండా తోచే అర్థం) కావలసిన కవి వాచ్యార్థం (పైకి చెప్పే అర్థం) విషయంలో జాగ్రత్త పడాలని తొమ్మిదవ శతాబ్దంలో ఆనందవర్ధనుడు అన్నాడు. అలా తోచే అర్థానికి, అంటే ధ్వనికి, అంత పెద్దపీట వేసినవాడే ఈ మాట అన్నాడన్నది గమనించండి. ఎవరు, ఎక్కడ, ఏమి జరిగింది అన్నది ప్రమిద, ఒత్తి, నూనె. మీరు వాటినే తీసేసి వెలుతురు రాలేదని అడుగుతున్నారు.

ఆలంకారికులకు చాలా ఇష్టమైన ఒక వాక్యం ఉంది, “సూర్యుడు అస్తమించాడు” అని. అంతకంటే సాదా అయిన వాక్యం మరొకటి ఉండదు. భామహుడు అలాంటి వాక్యాన్ని ఉదాహరించి, ఇదేమి కావ్యం, ఇది ఉత్త వార్త అని తీసిపారేశాడు. మమ్మటుడు అదే వాక్యాన్ని పట్టుకుని, అది ఒక్కొక్కరి నోట, ఒక్కొక్కరి చెవిని ఎన్ని అర్థాలు ఇస్తుందో వరసపెట్టి చూపాడు. దండు నడిపేవాడికి శత్రువు మీద పడటానికి ఇదే అదను అని, కూలివాళ్ళకు పని చాలించుదామని, గోవులను కాసేవాడికి వాటిని ఇంటికి తోలుదామని, అంగడివాడికి సరుకు సర్దుకోవాలని, ఎదురు చూస్తున్న ఆడదానికి ఇంకా రాలేదే అని. వాక్యం మసకగా ఉన్నందువల్ల ఇన్ని అర్థాలు రాలేదు. వాక్యం పగలంత స్పష్టంగా ఉంది, ఎవరు ఎవరితో అంటున్నారో కూడా స్పష్టంగా తెలుసు, కాబట్టి వచ్చాయి. మీ కథలో “పొద్దు వాలింది” అన్న మంచి వాక్యం ఒకటి ఉంది, కాని అది అంటున్నది చావింటి మనిషో, దారిన పోయేవాడో తెలియకపోవడంతో అది భామహుడు అన్నట్లు వార్తగానే మిగిలిపోయింది.

మొదటి పేరాలోనే చెప్పేయండి. చనిపోయినది తాత, కథ చెబుతున్నది మనవడు, చావు మలేరియా వల్ల వచ్చింది. కొరాపుట్ ప్రాంతం వాడికి ఆ చివరి మాట చెప్పడానికి అంత మొహమాటం ఎందుకు? ఏమి జరిగిందో తెలిసిపోతే చదువరి ఆసక్తి పోతుందని మీ భయం. నిజానికి “ఏమి జరిగింది” అన్న వెతుకులాట తప్పితేనే, “ఈ పిల్లవాడు దీన్ని ఎలా భరిస్తాడు” అన్న ఆసక్తికి అతని మనసులో చోటు దొరుకుతుంది. తన గ్రంథంలో ప్రసన్నమైన కథను మెచ్చుకుంటారని మన ఆదికవి నన్నయ ఊరకే అనుకోలేదు. ప్రసన్నత అంటే తేటదనం. తేట నీళ్ళలోనే అడుగు కనిపిస్తుంది.

ప్రశ్న: రాస్తూ నేనే ఏడ్చేస్తాను. అది మంచిదా, చెడ్డదా?
— ఒక పాఠకురాలు, గుణుపురం

జవాబు: ఏడవండి, తరువాత కాగితం ఆరబెట్టి మళ్ళీ చదవండి. వాల్మీకి శోకం శ్లోకమైందని మనమంతా చెప్పుకుంటాము గాని, ఆ శోకం ముని సొంత దుఃఖమని అనుకోరాదని కాశ్మీర ఆలంకారికుడు అభినవగుప్తుడు పట్టుపట్టి చెప్పాడు. సొంత దుఃఖంలో మునిగి ఉన్నవాడికి ఛందస్సు ఎక్కడ తోస్తుంది? మీరు ఏడ్చిన చోట వాక్యాలు సాధారణంగా అవసరమైన దానికంటే ఒకటో రెండో ఎక్కువ ఉంటాయి. వారం రోజులు ఆగి చూస్తే వాటిని మీరే పట్టుకోగలరు.

ప్రశ్న: మా ఇంట్లో తెలుగు, ఒడియా కలగలిసిపోయి ఉంటాయి. మా తాతగారు పెళ్ళికైనా చావుకైనా “హఉ” అనే అంటారు గాని “సరే” అనరు. కథలో ఇలాగే రాస్తే అటు కోస్తావారికి అర్థం కాదని, శుద్ధమైన తెలుగులో రాస్తే మా ఇల్లు మా ఇల్లులా ఉండటం లేదని ఇబ్బంది పడుతున్నాను. భావం సూటిగా తగలాలంటే ఏ భాష వాడాలి?
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: ఈ ప్రశ్న అడగడానికి మీ ఊరిని మించిన ఊరు లేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో ఉపాధ్యాయుడిగా చేరినది మీ ఊళ్ళోనే, దశాబ్దాల పాటు జీవితం గడిపినదీ అక్కడే. ఆయన వ్యావహారిక భాష కోసం పోరాడిన సంగతి అందరికీ తెలుసు. అంతకు ముందే ఆయన సవర గిరిజనుల దగ్గర కూర్చుని, వాళ్ళ నోటి నుంచి వింటూ సవర భాష నేర్చుకున్నారన్న సంగతి కథకులు కొంచెం ఎక్కువగా తలుచుకోవాలి. పుస్తకాలు లేని భాషను వినడంతోనే పట్టుకున్న చెవి అది. అటువంటి చెవికి, మనుషులు నిజంగా మాట్లాడే తెలుగు కాగితం మీదికి వచ్చేసరికి వేషం మార్చుకోవడం ఎంత వింతగా వినిపించి ఉంటుందో ఊహించవచ్చు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రంగా ఏర్పడి, మీ ఊరు దానిలో చేరిన తరువాత కూడా ఇళ్ళలోని మాట గీత గీసినట్లు విడిపోలేదు. విడిపోని దాన్ని కథలో మీరు ఎందుకు విడదీయడం?

అయితే ఒక తేడా పాటించండి. కథ చెప్పే గొంతు అందరికీ తెలిసిన తెలుగులో ఉండవచ్చు, ఈ సమాధానాలు నేను రాస్తున్నట్లే. పాత్రల నోటి మాట మాత్రం వాళ్ళదే కావాలి. మనిషి తల్లడిల్లినప్పుడు మొదట జారిపోయేది నేర్చుకున్న భాష. పుట్టినప్పటి నుంచీ నోట నానిన మాటే చివరికి నిలబడుతుంది. “ఏటైపోనాడు మా గుంటడు” అని కేక వేయవలసిన తల్లి చేత “నా కుమారుడు ఏమైపోయాడు” అనిపిస్తే, ఆవిడకు దుఃఖం లేదని కాదు, అనువాదం చేసుకోవడానికి తీరిక ఉన్నదని చదువరికి అనిపిస్తుంది. అక్కడితో అతను చల్లబడిపోతాడు.

ఇక అర్థం కాదన్న భయం గురించి. మీరు పంపిన కథలో తాతగారి “హఉ” ఐదు చోట్ల వస్తుంది. మొదటి నాలుగు చోట్లా అది ఒప్పుకోలు. టీ తాగుతావా అంటే హఉ, పొలం కౌలుకు ఇద్దామా అంటే హఉ, మనవరాలి పెళ్ళి విజయనగరంలో చేద్దామంటే హఉ, పంచె ఉతకడానికి వేయమంటే హఉ. ఐదవ చోట, నాయనమ్మ ఇక లేదని మీ నాన్నగారు వచ్చి చెప్పినప్పుడు కూడా ఆయన “హఉ” అని, చేతిలోని చుట్టను చూసుకుంటూ కూర్చుంటారు. నాలుగుసార్లు విన్న గుంటూరు పాఠకుడికి ఐదోసారి ఆ మాట తెలియకపోవడమనే ప్రసక్తే లేదు. కాని మీరు అక్కడే ఒక చుక్క గుర్తు పెట్టి, పేజీ అడుగున “హఉ అంటే ఒడియాలో సరే అని అర్థం, ఇక్కడ తాత బాధను దిగమింగుకుంటున్నాడు” అని రాశారు. మొదటి భాగం కావాలనుకుంటే తాతగారు టీకి ఒప్పుకున్న చోటికి మార్చండి. రెండవ భాగం కొట్టివేసి, కథను మళ్ళీ పంపండి.